జాలి పడితే పిల్లవాడు దూరమయ్యాడు

ప్రశ్న: నేను నారాయణపేట జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో రెండేళ్లుగా గణితం బోధిస్తున్నాను. తొమ్మిదో తరగతిలో ఒక తండా పిల్లవాడు ఉన్నాడు. దసరా కాగానే అతని తల్లిదండ్రులు భవన నిర్మాణ పనికి పుణె వెళ్లారు. అతడు నాయనమ్మ దగ్గర ఉంటున్నాడు. తరగతిలో నిద్రపోతుంటాడు. పాపమనిపించి అతణ్ని ఇంటిపని అడగడం, నల్లబల్ల దగ్గరికి పిలవడం మానేశాను. డిసెంబరు ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం)లో ప్రాజెక్టు ఇవ్వకపోయినా, స్లిప్ టెస్టులో తెల్ల కాగితం ఇచ్చినా 20కి 14 మార్కులు వేశాను. ‘వానికొక రూలు, మాకొక రూలా’ అని మిగతా పిల్లలు గొణిగారు. సంక్రాంతి సెలవుల తరువాత అతడు బడికి రావడం మానేశాడు. ‘మేడం నన్ను లెక్కలకే తీస్కుంటలేదు’ అని స్నేహితునితో అన్నాడట. చనువిస్తే ఇట్లాగే ఉంటుందనీ, బెత్తం లేని బడి బడే కాదనీ మా ప్రధానోపాధ్యాయులు అంటున్నారు. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. శిక్షణ తరగతుల్లో చెప్పిన సహానుభూతి తప్పా? ఇకనైనా కఠినంగా మారాలా? అతణ్ని మళ్లీ బడికి ఎట్లా రప్పించాలి?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో మీ మాటలకన్నా ఆ పిల్లవాడు స్నేహితునితో అన్న ఒక్క మాట దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. మీరు చెప్పే విషయం లెక్కలు. అతని ఫిర్యాదు తనను లెక్కలోకి తీసుకోలేదని. ఇంటిపని అడగకపోవడం, బల్ల దగ్గరికి పిలవకపోవడం, రాయని దానికి మార్కులు వేయడం, ఈ మూడూ మీ వైపు నుంచి దయగానే బయలుదేరాయి. అయితే అతణ్ని చేరేసరికి అవి మరొక అర్థం తెచ్చుకున్నాయి. తరగతిలో నలభై మందిని అడిగి తనొక్కణ్నే అడగకుండా దాటిపోయే ఉపాధ్యాయురాలు తన కష్టం చూసి తప్పించిందా, తనతో కాదని తేల్చుకుందా అన్నది పద్నాలుగేళ్ల పిల్లవాడికి తెలిసే దారి లేదు. రెండింటిలో ఏది నమ్మడం సులువో అతడు అదే నమ్మాడు.

శిక్షణ తరగతుల్లో సహానుభూతి అనీ, కొందరు ఎంపతీ అనీ అంటారు. ఆ మాటలతో నాకు పేచీ లేదు కాని, మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో అంతకన్నా నిక్కచ్చి మాట ఒకటి ఉంది: అర్సుకొనుడు. ‘ముసల్దాన్ని అర్సుకునేటోళ్లు లేరు’ అంటారు. దాని మూలమైన ‘అరయు’ అనే పాత క్రియకు చూడడం, విచారించి తెలుసుకోవడం, సంరక్షించడం అన్న అర్థాలు కలిసే ఉన్నాయి. తెలుసుకోకుండా కాపాడడం ఆ మాటలో ఇమడదు. మీరు రెండో సగం చేశారు, మొదటి సగం వదిలేశారు. మీ ఉత్తరం మళ్లీ చదివి చూసుకోండి: తల్లిదండ్రులు పుణెలో ఉన్నారని రాశారు, తరగతిలో నిద్రపోతాడని రాశారు, ఈ రెంటినీ కలిపి అతడు దుఃఖంలో ఉన్నాడని మీరే ఊహించుకున్నారు. ఎందుకు నిద్రపోతున్నాడో అతణ్ని అడిగినట్టు ఎక్కడా లేదు.

నా సర్వీసులో తరగతిలో నిద్రపోయే పిల్లలను చాలామందిని చూశాను, ఒక్కొక్కరి నిద్రకు ఒక్కొక్క కారణం ఉండేది. రాత్రి పొలానికి నీళ్లు పెట్టడానికి పోయేవాడు ఒకడు. పెళ్లిళ్ల సీజనులో వడ్డనకు పోయి రెండు గంటలకు ఇల్లు చేరేవాడు ఒకడు. ముసలామె దగ్గుతుంటే లేచి నీళ్లు కాచి ఇచ్చేవాడు ఒకడు. ఫోను చూస్తూ మేలుకునేవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. తల్లిదండ్రులు దూరాన ఉన్న ఇంట్లో అది వద్దనేవాళ్లు ఉండరు. ఇవేవీ కాక, పాఠం అర్థం కాక నిద్రపోయేవాళ్లు అందరికన్నా ఎక్కువ. తండా పిల్లవాడికి ఇంట్లో లంబాడీ మాట, బడిలో తెలుగు, 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో మొదలైన ఇంగ్లీషు మాధ్యమం వల్ల పరీక్షలో ఇంగ్లీషు. రెండు భాషల్లో అచ్చయిన పాఠ్యపుస్తకం చేతిలో ఉన్నా ఆ రెండూ అతని ఇంటి భాషలు కావు. ఏడో తరగతిలో భిన్నాలు అందక జారిపోయిన పిల్లవాడికి తొమ్మిదిలో బహుపదులు చెబుతుంటే కళ్లు మూతపడక ఏమవుతాయి? చూడండి, నీళ్లు పెట్టేవాడికి కావలసింది ఇంటివాళ్లతో ఒక మాట, భిన్నాలు రానివాడికి కావలసింది రోజుకు ఒక అరగంట, దగ్గే ముసలామెకు కావలసింది ఆసుపత్రి. జాలి ఒక్కటే అయితే ముగ్గురికీ ఒకే మందు ఇస్తుంది, అదీ ఎవరికీ పనికిరాని మందు.

అడగడంలో కూడా ఒక పద్ధతి ఉంది. ‘ఎందుకు నిద్రపోతున్నావు’ అన్న ప్రశ్న ఎంత మెల్లగా అడిగినా పిల్లల చెవికి నేరారోపణలాగే వినబడుతుంది, వాళ్లు తల దించుకొని ఊరుకుంటారు. ‘నిన్న బడి విడిచినంక ఇంటికి పోయి ఏం చేసినవు, తర్వాత ఏం చేసినవు, ఏ యాళ్లకు పండుకున్నవు’ అని ఒక రోజును గంటగంటగా అడిగితే సంకోచం లేకుండా చెబుతారు, ఆ చెప్పడంలోనే కారణం బయటపడుతుంది. తరగతిలో పదిమంది ముందర అడగకూడదు, ఉపాధ్యాయుల గదికి పిలిపించి కుర్చీలో కూర్చొని అతణ్ని నిలబెట్టి అసలే అడగకూడదు. మైదానం చుట్టూ నడుస్తూనో, మధ్యాహ్న భోజనం తరువాత పళ్లాలు కడిగే చోటనో, ఇద్దరి చూపూ వేరే పని మీద ఉన్నప్పుడు మాట సులువుగా వస్తుంది.

ఈ విషయంలో మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు ఎక్కువగా లేదని కూడా ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట నేను నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక బడిలో తెలుగు చెప్పేవాణ్ని. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి పద్యం చదవమంటే పుస్తకాన్ని నోటికి అడ్డం పెట్టుకొని గొణిగేది. నోరు తెరిచి చదవడం రాదా అని అందరి ముందర రెండు మూడుసార్లు గద్దించాను. ఒకరోజు పుస్తకం చేతిలోంచి జారినప్పుడు ఆమె పళ్ల మీద గోధుమరంగు చారలు చూశాను. ఆ ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడు సంగతి నాకు తెలియనిది కాదు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దును మించిన నీళ్లనే అక్కడి జనం దశాబ్దాల పాటు తాగారు. పళ్ల పింగాణీ పొర ఏర్పడే పసితనంలో పడిన ఆ మచ్చ, తరువాత కృష్ణా నీళ్లు తాగినా పోదు. ఇదంతా తెలిసీ, నా కళ్ల ముందు నోరు మూసుకున్న పిల్లతో దాన్ని ముడిపెట్టి చూడలేకపోయాను.

అంతకన్నా పెద్ద తప్పు ఆ తరువాత చేశాను. సిగ్గుపడి ఆమెను చదవమనడమే మానేశాను. వరుసలో ఆమె వంతు వస్తే పక్క పిల్లకు దాటించేవాణ్ని, అది ఔదార్యమని నాలో నేను అనుకునేవాణ్ని కూడా. దీపావళి దాటాక ఒకనాడు వరండాలో ఆ పిల్ల నన్ను ఆపి, ‘నన్నెందుకు చదివిస్తలేరు సార్, నాకు ఆ పద్యం నోటికొచ్చు’ అంది. గద్దించినప్పుడు కనీసం ఆమె నా వరుసలో ఉండేది. దయతలచిన నాటి నుంచి అదీ లేకుండా చేశాను. మరునాటి నుంచి వరుసకు ఇద్దరిని లేపి కలిసి చదివించడం మొదలుపెట్టాను. రెండు గొంతుల మధ్య ఎవరి నోరూ ఎవరూ చూడరు. రెండు వారాలకు ఆమె ఒంటరిగా చదివింది, పుస్తకం కిందికి దించే చదివింది. ఇందులో నా గొప్ప ఏమీ లేదు, దారి చూపింది ఆమే.

మీ ప్రధానోపాధ్యాయుల మాటకు వద్దాం. బెత్తం గురించి ఆలోచించే పనే లేదు, ఆ తలుపు చట్టమే మూసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. అంటే ‘నీ మొహానికి లెక్కలెందుకు’ అన్న మాట కూడా అందులోకే వస్తుంది. ఆ చట్టం 14 ఏళ్ల దాకానే కదా అని ఎవరైనా వాదిస్తే, 18 ఏళ్లలోపు వారందరికీ వర్తించే 2015 నాటి బాలల న్యాయ చట్టం ఉండనే ఉంది, పిల్లల పట్ల క్రూరత్వాన్ని అందులోని 75వ సెక్షన్ నేరంగా పరిగణిస్తుంది. అయితే చట్టం పేరు చెప్పి పెద్దాయనతో వాదనకు దిగకండి. ఆయన ఉద్యోగంలో చేరిన కాలంలో బెత్తం పట్టని ఉపాధ్యాయుణ్ని ఊరివాళ్లే నమ్మేవారు కారు, ‘తోలు మీది, బొక్కలు మావి’ అని చెప్పి మరీ పిల్లలను అప్పగించి పోయేవారు. పైగా ఆయన మాటలో ఒక ముక్క నిజం కూడా ఉంది: మీరు నియమాన్ని సడలించారు, సడలించిన సంగతి ఎవరికీ చెప్పలేదు, పిల్లలు దాన్ని పట్టేశారు.

మెత్తదనమూ క్రమశిక్షణా ఒకదాన్ని ఒకటి తినేస్తాయన్న భయం పాతదే. 2016లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన మీకు ఆసక్తి కలిగించవచ్చు, ఎందుకంటే అందులో పాల్గొన్న 31 మందీ గణిత ఉపాధ్యాయులే. కాలిఫోర్నియాలోని ఐదు మాధ్యమిక పాఠశాలల్లో వారిలో కొందరి చేత, పిల్లవాడు తప్పు చేసినప్పుడు అతని వైపు కథ ఏమై ఉంటుందో ఆలోచింపజేసే చిన్న అభ్యాసం రెండు విడతల్లో చేయించారు. ఆ ఏడాది మిగతా ఉపాధ్యాయుల దగ్గర చదివే పిల్లల్లో 9.6 శాతం మంది బడి నుంచి సస్పెండ్ కాగా, వీరి దగ్గర చదివే పిల్లల్లో 4.8 శాతం మందే అయ్యారు. నాకు నచ్చినది ఆ సగం అంకె కాదు. ఆ అభ్యాసంలో నియమాలు సడలించమని ఎక్కడా చెప్పలేదు. తప్పును తప్పనే చెబుతూ, చెప్పేటప్పుడు సంబంధం తెగకుండా చూసుకోమన్నారు, అంతే. అంతకుముందు సస్పెండయిన పిల్లలు కూడా ఉపాధ్యాయులు తమను గౌరవిస్తున్నారని ఎక్కువగా చెప్పారు. అక్కడి సస్పెన్షన్‌కూ మన బడికీ నేరుగా పోలిక లేదు కాని, మన దగ్గర పిల్లలు తమను తామే సస్పెండ్ చేసుకుంటారు, మీ పిల్లవాడిలాగా.

ఇక ఆ 14 మార్కులు. ఎఫ్‌ఏలో నాలుగు సాధనాలకూ అయిదేసి చొప్పున 20 మార్కులు. వాటిలో ప్రాజెక్టు, స్లిప్ టెస్టు అనే రెండు సాధనాల్లో అతని చేతి రాతే లేనప్పుడు 14 ఎట్లా వచ్చాయో అతనికి మీకన్నా బాగా తెలుసు. ఆ సంఖ్య అతనికి సంతోషం ఇవ్వలేదు, ఇచ్చి ఉంటే బడికి వచ్చేవాడు. దాన్ని ఎట్లా సరిచేయాలో ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి నిర్ణయించుకోండి. అతనితో మాత్రం దాచకుండా చెప్పండి: నువ్వు రాయకుండా నేను మార్కులు వేశాను, అది నా తప్పు, ఇప్పుడు ఇద్దరం కలిసి వాటిని నిజం చేద్దాం అని. ఉపాధ్యాయురాలు తప్పు ఒప్పుకుంటే చులకనవుతుందేమో అనుకోకండి. పిల్లల దృష్టిలో చులకనయ్యేది తప్పును కప్పిపుచ్చేవాళ్లే.

తండాకు మీరే వెళ్లండి. ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులు బండ్ల మీద దిగితే అది తనిఖీ అవుతుంది, ఇరుగుపొరుగు గుమిగూడుతారు, పిల్లవాడు వెనక గోడ దూకుతాడు. నాయనమ్మ ఇంటి పట్టున ఉండే పొద్దు కనుక్కొని, తోడుగా ఆ తండా నుంచే వచ్చే ఒక విద్యార్థిని తీసుకొని వెళితే చాలు. ముందు ఆమెతో మాట్లాడండి, ఆమె ఆరోగ్యం అడగండి. అక్కడి నుంచే పుణెకు వీడియో కాల్ చేయించి, పిల్లవాడు వింటుండగా, అతని గురించి ఒక మంచి విషయం తల్లిదండ్రులకు చెప్పండి. నికరమైన విషయం కావాలి సుమా; ‘మంచి పిల్లవాడు’ అంటే ఎవరూ నమ్మరు, ‘మీ అబ్బాయి కొలతలు కంటిచూపుతో చెబుతాడు’ అంటే నమ్ముతారు. బడి నుంచి ఫోను వస్తే చెడు కబురే అని అలవాటుపడ్డ తల్లిదండ్రులు వాళ్లు. వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్ మీ మండలంలో ఉన్నదేమో విద్యాధికారి కార్యాలయంలో అడగండి. ఉన్నా, నాయనమ్మను విడిచి రానంటే బలవంతపెట్టకండి. ఆ ఇంట్లో ఎవరు ఎవరిని చూసుకుంటున్నారో బయటి నుంచి చెప్పలేం.

చదువు ఎక్కడి నుంచి ఎత్తుకోవాలన్నది మీరే బాగా ఎరుగుదురు. అయినా ఒక సూచన చేస్తాను. పోయిన సెలవుల్లో అతడు పుణెలో పని చోట ఉండి ఉంటే ‘బ్రాసు’ అన్న మాట వినే ఉంటాడు. మహారాష్ట్ర వైపు ఇసుకనూ కంకరనూ బ్రాసుల్లోనే అమ్ముతారు. ఒక బ్రాసు అంటే వంద ఘనపుటడుగులు. పది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు ఉన్న బండిలో రెండు అడుగుల ఎత్తుకు ఇసుక నింపితే సరిగ్గా ఒక బ్రాసు. మీ తొమ్మిదో తరగతి పుస్తకంలోని ఘనపరిమాణం పాఠం అతని ఇంటి మాటల్లో ఇప్పటికే ఉన్నదన్న మాట. దాన్ని అక్కడి నుంచి ఎత్తుకోండి. కాని తరగతిలో ‘మన పుణె పిల్లవాడు చెబుతాడు’ అని అతని బతుకును నల్లబల్ల మీదికి ఎక్కించకండి. అది తెలిసిన పిల్లవాడుగా నిలబడతాడా, కూలివాళ్ల పిల్లవాడుగా నిలబడతాడా అన్నది మీరు పరిచయం చేసే తీరులో ఉంటుంది. రోజుకు ముప్పై లెక్కలు కాకుండా ఐదు ఇవ్వండి, కాని ఆ ఐదూ ఆరోజే చేయించి ఆరోజే దిద్దండి. అతనికి ఐదే ఎందుకో తరగతికి కూడా చెప్పండి, ఇంటి సంగతులు చెప్పనవసరం లేదు, ‘వెనకబడిన పాఠం పట్టుకుంటున్నాడు, మీలో ఎవరు వెనకబడ్డా ఇదే పద్ధతి’ అంటే సరిపోతుంది. రెండు రూళ్లన్న గొణుగుడు దానితో చాలావరకు తగ్గుతుంది.

ఆ గొణుగుడును మాత్రం చిన్నదిగా తీసుకోకండి. మన మనసు కథ ఉన్న పిల్లల వైపు, ముఖం చూస్తే కరిగిపోయే పిల్లల వైపు త్వరగా పోతుంది. తలకు నూనె రాసుకొని, ఇంటిపని చేసుకొచ్చి, రెండో వరుసలో కూర్చొని ఏమీ అడగని అమ్మాయి వైపు పోదు. ఆమె ఇంట్లో ఏం జరుగుతున్నదో ఎవరికీ తెలియదు. నేను ఒక చిన్న పుస్తకం పెట్టుకునేవాణ్ని: ఆ వారం నేను పేరు పెట్టి పలకరించని ఐదుగురి పేర్లు శనివారం రాసుకొని, వచ్చే వారం వాళ్లతో ఏదో ఒక మాట మాట్లాడేవాణ్ని. నలభై మందికి ఎనిమిది వారాలు పడుతుంది. ఇది యాంత్రికంగా ఉందని ఒక సహోద్యోగి నవ్వేవారు. యాంత్రికమే, ఒప్పుకుంటాను, మనసును నమ్ముకుంటే ఎప్పుడూ అవే నాలుగు పేర్ల చుట్టూ తిరిగేది.

చివరగా మీ నిద్ర సంగతి. మానసిక చికిత్సకుడు కార్ల్ రోజర్స్ 1957లో సహానుభూతిని నిర్వచిస్తూ, ఎదుటివారి లోకాన్ని మన లోకమే అయినట్టుగా గ్రహించాలన్నాడు, ఆ ‘అయినట్టు’ అన్నది మాత్రం ఎన్నడూ జారిపోకూడదన్నాడు. మీకు అది జారిపోయింది. అతని ఒంటరితనం మీది అయిపోయింది, అందుకే మొదట అతణ్ని ప్రశ్నించలేకపోయారు, ఇప్పుడు నిద్రపోలేకపోతున్నారు. రెండింటికీ మూలం ఒకటే. మీరు అతని తల్లి కారు. ఆమె పుణెలో ఉంది, బతికే ఉంది, అతని కోసమే పని చేస్తున్నది. ఆమె స్థానం ఆమెకు వదిలి, మీ చేతిలో ఉన్న ఐదు లెక్కలు మీరు చూసుకోండి. రాత్రి పొద్దుపోయాక పిల్లలతో ఫోను మాటలు, గుట్టుగా డబ్బు ఇవ్వడం పెట్టుకోకండి. ఏ పిల్లవాడైనా ‘ఎవ్వరికీ చెప్పనంటే చెప్తా’ అని మొదలుపెడితే ఆ మాట ఇవ్వకండి. లైంగిక వేధింపు లాంటిది బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలియజేయడం మీ విధి, పిల్లల సహాయవాణి 1098 నంబరు అందుకే ఉంది. ‘నీకు మేలు చేయగలిగే వాళ్లకు తప్ప ఎవరికీ చెప్పను’ అనండి, అది నిలబెట్టుకోగలిగిన మాట.

తల్లిదండ్రులు ఉగాదికి వస్తారు, అప్పుడు మాట్లాడదాం అని ఆగకండి. అప్పటికి ఏడాది పరీక్షలు దగ్గర పడతాయి, అతడికి బడి లేని పొద్దు అలవాటైపోతుంది. ఈ శనివారమే వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ తెల్ల కాగితం పట్టుకొని పోకండి. ఒక కొత్త నోటుబుక్కు తీసుకొని, మొదటి పేజీలో బ్రాసు లెక్క ఒకటి మీ చేతి రాతతో రాసి, జవాబు చోటు ఖాళీగా ఉంచి అతని చేతికి ఇవ్వండి. సోమవారం దిద్దుతానని చెప్పి రండి.